దిగువ స్టేషనులో లోథర్ క్రెచ్‌మర్

మా మోడల్ రైళ్ల సంఘంలో లోథర్ క్రెచ్‌మర్‌కు ఒక కుర్చీ ఉండేది. మేజోళ్ల కర్మాగారం మూతపడ్డ తరువాత దాని పై అంతస్తును మేము అద్దెకు తీసుకుని, నడుమెత్తు బల్లలమీద, మా లోయలో ఏనాడో పెరికివేసిన రైలుమార్గాన్ని చిన్న కొలతలో తిరిగి వేసుకున్నాం. దాని దిగువ భాగాన ఉన్న స్టేషను లోథర్‌ది.

యౌవనంలో అతడు రైల్వేలో చేరబోయాడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా పోల్చలేడని కంటి పరీక్షలో తిప్పి పంపారు. అందుచేత ఉద్యోగకాలమంతా ఇదే భవనం కింది అంతస్తులో అల్లిక యంత్రాలు బాగుచేశాడు. అది మూతపడ్డాక సాయంత్రాలు అవే మెట్లెక్కి వచ్చి స్టేషను మాస్టరయ్యేవాడు. మావి పాతకాలపు రెక్కల సిగ్నళ్లు. రెక్క లేచిందా, అడ్డంగా ఉందా అన్నదే అక్కడి ప్రశ్న, రంగుతో పనిలేదు.

పాత పద్ధతిలో పట్టాలలోకి కరెంటు వదిలితే ఆ పట్టాలమీద ఏ ఇంజను ఉంటే అది కదిలేది. కనుక అధికారం చోటుది. లోథర్ హద్దులోకి వచ్చిన బండి, తెచ్చినవాడెవడైనా, లోథర్ బల్లమీది మీటకే లోబడేది. సంబోధన లేని ఆజ్ఞ ఎదుట ఉన్నవాడికే తగులుతుందని నేను బడిలో విధ్యర్థక క్రియలు చెబుతూ పిల్లలతో అనేవాణ్ని. వారిలో ఎందరికి అర్థమయిందో ఇప్పటికీ అనుమానమే. ఒకడు మాత్రం, అయితే ముందు బల్లమీద కూర్చోకపోవడమే మంచిదన్నాడు. ఆ మాట అటుంచుదాం.

బాయిలర్లు బాగుచేసే యోర్గ్ ఉలిగ్ మా సంఘాన్ని డిజిటల్ పద్ధతికి ఒప్పించాడు. ఇందులో ప్రతి ఇంజనుకూ ఒక అంకె ఉంటుంది. పట్టాలలో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆజ్ఞ అందరికీ వినబడుతుంది, పిలిచిన అంకె గల ఇంజను మాత్రమే పలుకుతుంది. వేసవి అంతా ఇంజన్ల పొట్టలు విప్పి అంకెను గుర్తుపట్టే గోరంత పలకలు అమర్చాం. సిగ్నలు అడ్డంగా ఉంటే కరెంటు ఆగేలా పట్టాలలో వదిలిన ఖాళీలన్నిటినీ అతికించాం. ఇక ఎవరి బండి వెంట వారు, చేతిలో ఆజ్ఞలు పంపే చిన్న పెట్టె పట్టుకుని, హాలంతా నడవవచ్చు.

అయితే లోథర్‌కు ఇక పనిలేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అతని బల్లనూ కుర్చీనీ మీటనూ ఉన్నచోటనే ఉంచేశాం. సిగ్నలు రెక్క తన పిడితో ఇంకా కదిలేది; బళ్లను నడిపే మీట మాత్రం దేనికీ కలపలేదు.

క్రిస్మసు ముందు వారాల్లో, ఆడ్వెంటులో, మేము పెట్టే ప్రదర్శన దగ్గరపడింది. అభ్యాసపు మొదటి సాయంత్రం యోర్గ్ బండి దిగువకు వచ్చింది. లోథర్ మీట తగ్గించాడు. సరిగ్గా అప్పుడే యోర్గ్ కూడా బండి ఆపాడు. లోథర్ తృప్తిగా తల ఊపాడు. తరువాత వచ్చిన నా గూడ్సు ఆగకుండా దూసుకుపోయింది. అతడు మీటను కిందికి, పైకి, మళ్లీ కిందికి తిప్పి, బల్ల కిందికి వంగి చూశాడు. ఆగి ఉన్న ఇంజనుకు, ఇదివరకులా ఆరిపోకుండా, దీపం వెలుగుతుండడం అతణ్ని మరీ కలవరపెట్టింది. ఎవరో ఏదో కట్టడం మరిచారని నాతో రహస్యంగా అన్నాడు. బళ్లు మాట వింటున్నాయి గాని ఆలస్యంగా వింటున్నాయని, తీగ సన్నమై ఉంటుందని తేల్చాడు.

మరుసటి వారం ఇంటినుంచి లావు తీగ తెచ్చి, వెల్లకిలా పడుకుని బల్ల కిందికి జరిగాడు. చాలాసేపటికి రెండు కోసిన తీగకొసలు పట్టుకుని బయటికి వచ్చాడు. సంఘం పెద్ద ఊటె ఫీబిగర్ అప్పుడు కాఫీ పోస్తోంది.

"ఊటె, ఇవి ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికీ పోవయ్యా లోథర్. జులైలోనే కోసేశాం."

"మరి పోయిన వారం బండి ఆగిందిగా?"

"అది యోర్గ్ ఆపాడు."

"రెండోది?"

"రెండోది మాస్టారిది. ఆపాలన్న ధ్యాసే లేదాయనకి."

యోర్గ్ చెవులు కందిపోయాయి. లోథర్‌కూ ఒక పెట్టె ఇచ్చి, నచ్చిన ఇంజను తీసుకోమని, ఇప్పుడందరూ డ్రైవర్లేనని బతిమాలాడు. అందరూ డ్రైవర్లయితే స్టేషనులో ఎవరుంటారని లోథర్ అడిగాడు. ఎవరూ అక్కరలేదని, సుఖమంతా అందులోనే ఉందని యోర్గ్ అన్నాడు. లోథర్ తీగకొసలను జేబులో పెట్టుకుని, కుర్చీని ఒకసారి చూసి, పెట్టె అందుకున్నాడు.

మూడు బోగీల పాసింజరును అతడు ఎగువనుంచి తీసుకువచ్చాడు. బండి ఎక్కడ పారిపోతుందోనన్నట్టు దానిమీదే చూపు నిలిపి, గోడను మోచేతితో తడుముకుంటూ నడిచాడు. తన స్టేషను సిగ్నలు దగ్గర రెక్క అడ్డంగా ఉంది. బండిని ఆపేశాడు. వెనుక నా గూడ్సు ఆగింది. దాని వెనుక యోర్గ్ ఎక్స్‌ప్రెసు.

"పోనీవయ్యా, ఆ రెక్క ఇప్పుడు ఉత్త అలంకారం," అన్నాడు యోర్గ్. "ఎవరి కోసం ఆగావు?"

"స్టేషనులో వాళ్ల కోసం."

"అది నీ స్టేషనే కదా!"

"నేనిప్పుడు డ్రైవర్ని. నువ్వేగా చెప్పావు."

అలిగాడా, నిజంగానే అయోమయంలో ఉన్నాడా అన్నది అతని ముఖంలో నాకు చదవరాలేదు. చివరికి ఊటె చేతులు తుడుచుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ముందు లైను ఖాళీయో కాదో చూడమన్నాడు లోథర్. ఆమె అటూ ఇటూ చూసి, ఖాళీయేనని చెప్పి, రెక్క లేపింది. పాసింజరు మెల్లగా లోపలికి వచ్చింది.

"ఇక లేవనా?" అంది ఊటె.

"ఇంకా రెండు బళ్లు బయట నిలబడ్డాయి. కూర్చో."

ఆ రాత్రే సంఘం తీర్మానించింది: రెక్క లేవనిదే దిగువకు ఏ బండీ రాకూడదు; కుర్చీలో వంతులవారీగా అందరూ కూర్చోవాలి. కుర్చీ మిగిలింది గాని, ఒక్క లోథర్‌ది కాకుండా పోయింది.

ప్రదర్శన చివరి రోజున, అతని వంతు ముగిసి నా వంతు మొదలవుతుండగా, ఇప్పుడు ఎలా ఉందని అడిగాను. చేతిలోని పెట్టెను అటూ ఇటూ తిప్పాడు.

"డ్రైవర్నయితే స్టేషన్లో కూర్చున్నవాడిమీద కోపమొస్తోంది. స్టేషన్లో కూర్చుంటే డ్రైవర్లమీద. ఇదివరకు నాకెవరిమీదా వచ్చేది కాదు మాస్టారూ. ఇది బాగున్నట్టా, లేనట్టా?"

నేను కుర్చీలో కూర్చున్నాను. ఈలోగా అతని బండి సిగ్నలు దగ్గరికి వచ్చి, నా కోసం ఆగింది.