లైట్‌హౌస్ గడపలో పసుపు

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. సిద్దిపేటలో నా టైలరింగ్ షాపు ఉన్న మడిగెలో "ఏదో ఉంది" అని ఎవరూ దిగలేదు. ఆ మాట చెప్పే నేను కిరాయి తగ్గించుకున్నాను. ఇన్నేళ్లలో అక్కడ నన్ను భయపెట్టింది పండగ ముందు పేరుకునే జాకెట్ల కుప్ప ఒక్కటే. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, కళ్లారా చూశాను కాబట్టే.

మా తమ్ముడు శ్రీశైలానికి లైట్‌హౌస్‌లో ఉద్యోగం. బ్రిటిషువాళ్ల కాలంలో కట్టిన రాతి బురుజు, పక్కన చిన్న క్వార్టరు, చుట్టూ సముద్రం. ఒడ్డు కనుమరుగయ్యాక కూడా పడవ చాలాసేపు పోతేగాని ఆ దీవి రాదు. మా దగ్గరి మల్లన్నసాగర్ రిజర్వాయరు చూసి ఇదే సముద్రం అనుకునే మాకు ఆ దూరం మొదట్లో అర్థం కాలేదు. పెళ్లి సంబంధాలు మొదలయ్యాక బాగా అర్థమైంది. సర్కారు నౌకరీ అనగానే పరుగున వచ్చినవాళ్లు, దీవి అనగానే మెల్లగా జారుకునేవారు.

చివరికి కోహెడ సంబంధం ఒకటి నిలిచింది. పిల్ల పేరు స్వప్న. ఫోన్లో మాట్లాడుకుని ఇద్దరూ ఇష్టపడ్డారు. సెలవుకు వచ్చిన మావాడు మొదటిసారి అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడం చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. కానీ తల్లీతండ్రీ లేని ఆ పిల్లను పెంచింది నాయనమ్మ ఎల్లవ్వ. మాట ఇవ్వాల్సింది ఆమే. పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూసుకోవడం మా దగ్గర ఆనవాయితీ. సిద్దిపేటలో మా ఇల్లు చూపిస్తే ఎల్లవ్వ తల అడ్డంగా ఊపింది.

"గీ ఇంట్ల మీరుంటరు. నా పిల్ల ఉండే ఇల్లు సూడాలె."

ఇంకేం చేస్తాం? ఎల్లవ్వ, పిల్ల మేనమామ, మా ఆయన, నేను బయలుదేరాం. రైలు, బస్సు, ఆ తర్వాత పడవ. పడవలో మేనమామ కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాడు. ఎల్లవ్వ మాత్రం కోహెడ బస్సులో కూర్చున్నట్టు ఆకువక్క నములుతూ కూర్చుంది.

దిగేసరికి మధ్యాహ్నం. శ్రీశైలంతో పనిచేసే అతను సెలవులో ఉన్నాడు. దీవి మీద మావాడు ఒక్కడే. దీపం చూపిస్తానని సంబరంగా మమ్మల్ని పైకి తీసుకుపోయాడు. పడవవాళ్లిద్దరూ కూడా మా వెనకే ఎక్కారు. మోకాళ్ల నొప్పులతో ఎల్లవ్వ ఒక్కతే కింద గడపలో నీడకు కూర్చుంది.

పైన గాలికి నా చీర కొంగు జెండాలా ఎగిరింది. మేనమామ నాలుగు దిక్కులా నీళ్లు చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ఏమక్కా, ఇంటికొచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లు గూడ ఇయ్యలే. ఈడ ఆడమనిషి సప్పుడే లేదు. పిల్ల ఎవలతోని మాట్లాడుతది?"

నా ప్రాణం ఉసూరుమంది. ఒంటరిగా ఉండి ఉండి మా తమ్ముడు మర్యాదలన్నీ మరిచిపోయాడు. వాడి ముఖం చూడలేకపోయాను. ఈ సంబంధం కూడా నీళ్లపాలైందనుకుంటూ మెట్లు దిగాను.

గడపలో ఎల్లవ్వ నవ్వుతోంది. ఆమె కాళ్లు తడిగా ఉన్నాయి. పాదాలకు చీలమండల దాకా పసుపు.

"గామె ఎవలు బిడ్డా? మంచి మనిషి. కాళ్లు కడిగి పసుపు రాసింది. మొగడు లేనిదాన్ని, నాకెందుకు అన్న. ఇంటికొచ్చినవు గదా అన్నది. మాట మన తీరు లేదు గాని సమజైంది."

దీవి అంతా తిరిగాం. తిరగడానికి ఎక్కువసేపు పట్టలేదు, అదెంతని? ఒక్క మనిషి లేదు, మా పడవ తప్ప ఇంకో పడవ లేదు. శ్రీశైలం వంటింట్లో వెతికాను. పసుపు లేకుండానే పప్పు ఉడకేసుకునే రకం మావాడు. ఎల్లవ్వ సంచీలోనూ చూశాను. ఆకులు, వక్కలు, సున్నం.

"మీరే ఎవలనో పెట్టి చేయించిన్రు," అన్నాడు మేనమామ. అంత తెలివే ఉంటే ఇన్ని సంబంధాలు పోగొట్టుకునేవాళ్లమా!

ఎల్లవ్వ అతన్ని ఆపింది. "ఎవలైతే ఏంది? మొగడు పోయినంక నా కాళ్లకు పసుపు పెట్టిన ఇల్లు గిదొక్కటే. గిసోంటి జాగల నా పిల్లకేం భయం? ఇచ్చిన, పో!"

శ్రీశైలం అక్కడే గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

పెళ్లయింది. స్వప్న ఇప్పుడు ఆ దీవి మీదే ఉంది. ఎవరైనా కనిపించారా అని ఫోన్లో అడిగితే, "లేదు వదినె," అని నవ్వుతుంది. అయినా గడప దగ్గర చెంబుతో నీళ్లు, పసుపు డబ్బా పెడుతోందట. ఆ మధ్యాహ్నం వచ్చిందెవరో, ఎటు పోయిందో నాకు ఇవాళ్టికీ అంతు చిక్కలేదు.

పెళ్లినాడు ముత్తయిదువల కాళ్లకు పసుపు రాసుకుంటూ వస్తున్నాను. మూలన ఒదిగి కూర్చున్న ఎల్లవ్వ ముందు కూడా కూర్చున్నాను. మేనమామ ఏదో అనబోయి, పసుపు గిన్నె నా వైపు జరిపాడు. పాదాలకు పసుపు రాస్తుంటే ఎల్లవ్వ నా చేతినే చూస్తూ మెల్లగా అంది.

"గామె చెయ్యి ఇంకింత సల్లగుండె బిడ్డా."