ఒక బుధవారం ఆలస్యమైన తెల్ల టోపీ

రోములో రోజూ కాఫీ కాచుకోకముందే నెల్లా మేడ దిగి టోపీల దుకాణంలోకి వస్తుంది. నిన్న కుట్టిన టోపీల లోపలి తోలుపట్టీ మీద బొటనవేలు తిప్పి చూస్తుంది. గరుకు తగిలిన టోపీని పక్కన పెట్టేస్తుంది.

ఆమె కుట్టేవి నడినెత్తిన నిలిచే చిన్న గుండ్రటి టోపీలు. బిషప్పులకు ఊదా, కార్డినళ్ళకు ఎరుపు, పోపుకు తెలుపు. పోపుగారు ప్రతి బుధవారం జనానికిచ్చే దర్శనానికి వెళ్ళే భక్తులు ఆమె వీధిలో కొత్త తెల్ల టోపీ కొని, పోపుగారి ముందు చాపుతారు. నెత్తికి సరిపోతే ఆయన దాన్ని ఉంచుకుని తన తలమీదిది ఇస్తారు. లేకపోతే కొత్తదే వెనక్కి వస్తుంది.

1978లో నెల్లాకు ఇరవై మూడేళ్ళు. అందరూ సోర్ రెమో, అంటే రెమోగారు, అని పిలిచే ముసలి దర్జీ దుకాణంలో చేరి రెండేళ్ళయినా ఊదా గుడ్డ దాటి పైకి రాలేదు. ఆగస్టులో పాత పోపు పోయి కొత్త పోపు వచ్చాక రెమో ఆమెను పిలిచాడు.

“ఒక తెల్లది కుట్టు పిల్లా. బుధవారం మీ అమ్మ చేత ఇప్పించు. ఆయన ఉంచుకుంటే ఇక్కడ నీ కుర్చీ నీదే. వెనక్కొచ్చిందా, నవంబరు నుంచి వేరే పని చూసుకో. మా బావమరిది కూతురు ఎప్పట్నుంచో అడుగుతోంది.”

నెల్లా నెల రోజులు కుట్టింది. సెప్టెంబరు చివరి మంగళవారం తెచ్చి చూపిస్తే, రెమో టోపీ నడిమధ్య నిలిచే చిన్న పట్టు కాడను గోటితో తట్టాడు. “ఒరిగింది.”

ఇంట్లో తల్లి ఎల్విరా మండిపడింది. “వెంట్రుకవాసి ఒరిగితే ఏమైందే? ఆయన నెత్తిమీది కాడ ఆయనకే కనపడదు! ఇలా తే, రేపు నేనిచ్చేస్తా.”

“వద్దమ్మా. విప్పి కుడతాను. వచ్చే బుధవారం ఇద్దువుగాని. నెల క్రితమేగా వచ్చారు, ఎక్కడికి పోతారు?”

శుక్రవారం పొద్దున ఎల్విరా తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. “పోయారటే! పాలవాడి రేడియోలో చెప్పారు. ముప్పైమూడు రోజులే!”

నెల్లాకు ముందు గుర్తొచ్చింది తన కుర్చీ. ఆ తర్వాతే ఆయన ముఖం. అందుకు సిగ్గుపడి, సిలువ గుర్తు వేసుకుని పనికి వెళ్ళింది.

“ఏడవడం అయిందా?” అన్నాడు రెమో. “అయితే ఆ టోపీ తే.”

దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. “పెట్టుకోవాల్సిన మనిషే లేడు. ఇక దీని సంగతి ఎవరు చెప్తారు?”

“మీరే చెప్పండి సోర్ రెమో. నేను వెళ్ళిపోవాలా?”

“విప్పి కుట్టిందెక్కడ?”

“కాడ దగ్గర.”

“కాడ దగ్గరని నాకూ తెలుసులే, తెలివైనదానివి! ఏ కుట్టు?”

నెల్లా వంగి చూసింది. విప్పి కుట్టిన చోటు ఆమెకూ దొరకలేదు. రెమో కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, తెల్ల పట్టుగుడ్డ తానును ఆమె ముందుకు నెట్టాడు.

“రెండు వారాల్లో మళ్ళీ ఎన్నిక. ఏ సైజు తల వస్తుందో దేవుడికే ఎరుక. అన్ని కొలతల్లోనూ కావాలి. కూర్చో.”

“మరి మీ బావమరిది కూతురో?”

“ఊదా ఎవరు కుడతారనుకున్నావ్?”

అలా నెల్లా తెల్లగుడ్డకు వచ్చింది. ఎన్నికైన పోలండు పోపు ఇరవై ఆరేళ్ళు ఉన్నారు. ఆయన ఏ దేశం వెళ్ళొస్తే ఆ దేశం నుంచి జనం టోపీలు అడిగేవారు. తర్వాతి జర్మన్ పోపు పదవి వదిలాక కూడా తెలుపే ధరించారు. కొన్నేళ్ళు వీధిలో భక్తులు “పాతాయన కొలతా, కొత్తాయన కొలతా?” అని అడిగి మరీ కొన్నారు. అర్జెంటీనా పోపు బండి ఆపించి మరీ టోపీ మార్చుకునేవారు. ఆ పన్నెండేళ్ళూ నెల్లాకు తీరికే లేదు. ఏ పోపు ఏం మార్చారని పొరుగువాళ్ళు వాదించుకుంటుంటే, ఆమె నోట్లో దారం పెట్టుకుని వినేది.

ఇప్పుడు అమెరికా పోపు. నెల్లాకు డెబ్బై ఏళ్ళు. దుకాణం పైగదిలో ఒక్కతే ఉంటుంది. కుడికంట్లో శుక్లం మొదలైంది కాబట్టి, తెల్లవి వెలుగు బాగున్నప్పుడే, మధ్యాహ్నంలోపే కుట్టేస్తుంది.