గొర్రు చీల్చి వేసిన మంట

మా చిన్నప్పుడు... ఓర్వకల్లు దాటీ దాటకముందే మా ఎద్దుల బండిని వాన పట్టుకుంది. యాభైల నాటి మాట. పుట్టింట్లో కాన్పయిన అమ్మ, నెలల తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని నందికొట్కూరు పక్కనున్న మా ఊరికి తిరిగొస్తోంది. బండి తోలుతున్నది జేజినాయన... మా నాన్నకు నాన్న.

వానకు మొహం వాచిన సీమ మాది. తొలి చినుకు పడగానే బండి మీద పట్ట కప్పాల్సిన మనిషి, తలగుడ్డ తీసేసి, మొహం పైకెత్తి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ నిలబడిపోయాడు! అమ్మ అరిచేసరికే ఆలస్యమైంది. తమ్ముడు, వాడి బట్టలు, ఎద్దుల గడ్డి... అన్నీ తడిసి ముద్ద.

ఒక పెద్ద బండ చాటున ఆగాం. ఏడ్చి ఏడ్చి తమ్ముడు ఉన్నట్టుండి ఏడుపు ఆపేశాడు. పెదవులు నల్లబడ్డాయి. వాడి ఏడుపు కన్నా అది ఆగడానికే నాకు ఎక్కువ భయమేసింది.

జేజినాయన తంగేడు పుల్లలు విరుచుకొచ్చాడు. చుట్టల తిత్తిలో ఉన్న అగ్గిపెట్టె మాత్రం తడవలేదు. గీసిన పుల్ల వెలిగేది, తంగేడుకు తగిలించగానే పొగ వచ్చి ఆరిపోయేది... బండి కందెన పూసిన పేలిక కాసేపు మండింది. అదీ ఆరింది.

బండిలో పొడిగా ఉన్నది ఒక్కటే... విత్తనాలు వేసే కొత్త గొర్రు. అమ్మ పుట్టినూరి వడ్రంగి ఆచారి పనితనం మీద గురితో చేయించి, గోనెపట్టల్లో చుట్టి తెచ్చుకుంటున్నాడు. లోపలి పట్ట తీసి తమ్ముడికి కప్పి, కొడవలి అందుకున్నాడు.

"మామా, గొర్రొద్దు... రేపు ఇత్తనమెయ్యల్ల గదా. పదును పోతాది" అంది అమ్మ. వాన వెలిశాక నేలలో తడి నిలిచే ఆ రెండు మూడు రోజులే పదును. అది తప్పితే పంట తప్పినట్టే.

"పదును మళ్లా వస్తాది లేమ్మా. పిల్లోడు వస్తాడా?" అంటూనే గొర్రు వెదురు గొట్టాలు సన్నగా చీల్చేశాడు.

ఎండు వెదురు భగ్గుమంది. ఆ సెగకు తంగేడూ అంటుకుంది. గుడ్డ వేడిచేసి కాపడం పెట్టగా పెట్టగా... తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మా ఏడ్చింది, నవ్వుతూ.

మరుసటి రోజు నుంచి ఊరంతా విత్తనాల సందడి. అందరి పని అయ్యి మాకు ఎవరిదో గొర్రు ఎరువుకు దొరికేసరికి నేల ఆరిపోయింది. కొర్ర సగం కూడా మొలవలేదు. ఆ ఏడు శానా పూటలు అంబలితోనే గడిచాయి.

జేజినాయన బతికినన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు, మమ్మల్నీ ఎత్తనివ్వలేదు. ఆయన పోయాకే అమ్మ తమ్ముడికి చెప్పింది. అంత మీసాలున్న మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. జేజినాయనను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

ఇప్పుడు పిల్లలకు ఒక సెల్లు కొనిచ్చినా పదిసార్లు గుర్తుచేస్తాం... నేనూ అంతే. మీ కోసం ఏదో వదులుకుని, ఆ సంగతి మీకు తెలియనివ్వకుండానే వెళ్లిపోయినవాళ్లు మీ ఇంట్లో ఎవరు? అమ్మనో, పెద్దమ్మనో అడిగి తెలుసుకోండి... చెప్పేవాళ్లు ఉండగానే.