తాతాజీ గారి కొబ్బరి లోషన్

తాతాజీ గారి కంట పడిన చెయ్యి పొడిగా తిరిగి వెళ్ళిన దాఖలా రామచంద్రపురంలో లేదు. నమస్కారం పెట్టబోతే జోడించిన చేతుల మధ్య ఓ ముద్ద లోషన్ వేసేవారు. దూరం నుంచి చెయ్యి ఊపితే, దగ్గరికొచ్చి ఆ ఊపిన చేతికే పూసేవారు. అందుకని మా వీధివాళ్ళు ఆయన్ని చూడగానే చేతులు వెనక్కి కట్టుకుని తల మాత్రం ఆడించడం అలవాటు చేసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు, ఈ వీధి నిండా రిటైరైన హెడ్మాస్టర్లే ఉన్నట్టున్నారని అనుకునేవారు.

ఆ లోషన్ ఆయన స్వయంగా చేసేదే. సొంత తోట కొబ్బరినూనె, తేనెమైనం, పెరట్లో కలబంద గుజ్జు. ఆ పైన, ఆయన భార్య బుల్లెమ్మ గారు వంటింట్లో ఏది ఏమరుపాటున వదిలేస్తే అది. "అంతా ప్రకృతేనండి. ఆర్గానిక్!" అనేవారు, మహామంత్రం ఉపదేశిస్తున్నట్టు.

నేను అక్కడి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మూడేళ్ళ కిందట వాళ్ళ మేడమీది వాటా అద్దెకు అడగడానికి వెళ్ళాను. తెల్ల పంచె, ఇంత లావు మీసాలు, చేతిలో స్టీలు గిన్నె. చూసి, పెరుగు తోడుపెడుతున్నారు కాబోలు అనుకున్నాను.

"నమస్కారమండి, నా పేరు సుప్రియ. మేడ మీద వాటా ఖాళీగా ఉందని..."

"చెయ్యి చాపమ్మా."

ఎందుకో తెలియకుండానే చాపాను. ఐస్‌క్రీమ్ పుల్లతో ఓ ముద్ద జారవిడిచారు.

"రుద్దుకో. మంట పుట్టిందా?"

"లేదండి."

"దురదేమన్నా?"

"లేదండి. ఇల్లు..."

"మొహమాటపడకు. మంటగా ఉంటే ఉందని చెప్పు."

"నిజంగా లేదండి!"

"అయితే ఇదిగో తాళం చెవి. సాయంత్రం ఓసారి ఆ చెయ్యి చూపించు."

లోపలినుంచి బుల్లెమ్మ గారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, నీళ్ళెప్పుడొస్తాయో, గేటెప్పుడేస్తామో నన్నడుగు. ఆయన్నడిగితే అన్నింటికీ కలబందే అంటారు!"

తాళం చెవి అందుకోబోయాను. లోషన్ రాసిన చేతిలోంచి అది జారి సరాసరి కాలవలో పడింది.

ఆ తర్వాత రోజూ కాలేజీకి వెళ్ళేటప్పుడు మెట్ల కింద గిన్నెతో కాపు కాసేవారు. తప్పించుకోవడం కష్టం. లోషన్ రాసుకున్న చేత్తో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేప పిల్లలా జారిపోయేది. ఓసారి బెంజీన్ రింగ్ గీయబోతే అది గుమ్మడికాయలా వచ్చింది. "మేడమ్, తాతాజీ గారు రాశారాండి?" అని వెనక బెంచీ నుంచి జాలిగా అడిగారు. పిల్లలకి కూడా తెలిసిపోయింది.

ఒక ఆదివారం బుల్లెమ్మ గారు ప్రేమగా టిఫినుకి పిలిచారు. వేడివేడి దోసెలు, పక్కన తెల్లటి కొబ్బరి చట్నీ. ఓ ముక్క నోట్లో పెట్టుకున్నాను. పెదాలు రెండూ మెత్తగా, నున్నగా అయిపోయాయి గానీ రుచి మాత్రం తగల్లేదు. ఇంతలో తాతాజీ గారు వంటింట్లోంచి కంగారుగా వచ్చారు.

"బుల్లీ, మిక్సీ గిన్నెలో నా సరుకు ఏమైంది?"

బుల్లెమ్మ గారు నా వంక చూశారు. నేను చట్నీ వంక చూశాను.

"తాలింపు కూడా పెట్టేశానండీ!" అన్నారావిడ నీరసంగా.

ఆయన ఏమాత్రం తొణకలేదు. నా ముందు గొంతుక్కూర్చుని ఆత్రంగా అడిగారు. "నోట్లో మంటేమన్నా పుట్టిందామ్మా?"

అదీ ఆయన వరస. లోషన్ తయారుచేసే ఏ మనిషైనా మెత్తగా ఉందా, వాసన బావుందా అని అడుగుతాడు. ఈయనకి అవేమీ పట్టవు. కాకినాడ బస్సు కండక్టరు ఓసారి మర్యాదకి "వాసన భలే ఉందండి" అన్నాడు. "వాసన ఎవడిక్కావాలయ్యా? మంట పుట్టిందా లేదా?" అని కసిరారు. పాపం ఆ కండక్టరు ఆ రోజంతా టికెట్లు చేతికి అంటుకుపోయి అవస్థ పడ్డాడట.

ఒకసారి నిమ్మరసం కలిపారు. ఆ ముందురోజే కత్తిపీట మీద నా వేలు కాస్త తెగింది. లోషన్ తగలగానే "అబ్బా, మంటండీ!" అని గట్టిగా అరిచాను. అప్పుడు చూడాలి ఆయన మొహం. రక్తం ఇంకిపోయింది. గిన్నెడు లోషనూ తీసుకెళ్ళి పెరట్లో పారబోశారు. "ఎంత ప్రమాదం తప్పింది! ఎంత ప్రమాదం తప్పింది!" అని గొణుక్కుంటూ నా వేలికి నీళ్ళు పోశారు. ప్రమాదం తప్పలేదు, నాకే జరిగింది.

పోయిన నెల మొదటివారంలో రేషన్ డిపో ముందు పెద్ద గొడవ. కాలేజీకి వెళ్తూ ఆగి చూశాను. డీలరు ఉదయభాస్కర్ వేలిముద్ర మెషీన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. క్యూ మొత్తం మండిపడుతోంది. మధ్యలో తాతాజీ గారు తువ్వాలుతో ఒక్కొక్కరి వేళ్ళూ తుడుస్తూ పరుగులు పెడుతున్నారు.

"చూడండి మేడమ్!" అన్నాడు ఉదయభాస్కర్. "క్యూలో ఉన్న అందరి వేళ్ళకీ పూసేశారండి. ఒక్క వేలూ నిలవట్లేదు. మెషీన్ మీద స్కేటింగ్ చేస్తున్నాయి!"

నాకూ కోపం వచ్చింది. "ఏంటండీ ఇది? జనం బియ్యం తీసుకునే చోట కూడానా?"

తాతాజీ గారు తల దించుకున్నారు. మీసాలు కూడా దిగిపోయినట్టనిపించింది.

"ఆయన్నేమీ అనకండమ్మా" అంటూ క్యూ చివరినుంచి ఒకావిడ ముందుకొచ్చింది. పేరు దీనమ్మ. ఊరవతల పేటలో ఉంటుంది, తాతాజీ గారి పొలంలో నాట్లకీ కోతలకీ వస్తుంది. "నా వేళ్ళు ఈ మెషీన్‌కి ఆనవండి. గీతలన్నీ పొలంలోనే అరిగిపోయాయి. వచ్చినప్పుడల్లా రేపు రా, మాపు రా అంటారు. బాబుగారు బియ్యం పంపిస్తానన్నారు. నా బియ్యం నాకుండగా ఒకరి దగ్గర ఎందుకండి? వద్దన్నాను."

"మరి లోషన్?"

"అదాండి? ఓ రోజు గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. 'దీనమ్మా, నా లోషన్ని పరీక్ష చేసే మనిషి దొరకట్లేదు, నువ్వే సాయం చెయ్యాలి' అన్నారు. అంత పెద్దమనిషి అడిగితే కాదంటామాండి? పాపం, అందరూ ఆయన్ని చూసి పారిపోతారంట కదా! రోజూ రాసుకుంటున్నాను, ఆయన మనసు కష్టపెట్టడమెందుకని."

నేను తాతాజీ గారి వైపు తిరిగాను. "దీనమ్మ కోసమైతే, మా అందరి చేతులూ ఎందుకు పాడుచేశారండీ?"

ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించారు. "ఆవిడ చేతుల నిండా పగుళ్ళమ్మా. అవి మెత్తబడితే వేళ్ళు మెషీన్‌కి ఆనతాయని నా ఆశ. ఏ పాళ్ళైనా తేడాచేసి మంట పుడితే? దీనమ్మ పైకి చెప్పదు, ఓర్చుకుంటుంది. అందుకని ముందు మీకు రాసి చూసేవాణ్ణి. చదువుకున్న చేతులు కదా, చీమ కుట్టినా గట్టిగా అరుస్తాయని..."

మందుల కంపెనీలు ముందు ఎలుకల మీద పరీక్ష చేస్తాయని ఏటా క్లాసులో చెప్తుంటాను. ఇన్నాళ్ళూ ఆ ఎలుక నేనేనని మొదటిసారి అర్థమైంది. నాతోపాటు కండక్టరు, మా ప్రిన్సిపాలు గారు కూడా.

"ఇవాళ అందరికీ ఎందుకు పూసినట్టు?"

"క్యూలో ఇంకా అలాంటి చేతులు చాలా కనబడ్డాయమ్మా. ఆగలేకపోయాను."

పట్టరాని నవ్వొచ్చింది. కాస్త నిలదొక్కుకుని లెక్చరర్ గొంతుతో చెప్పాను. "రాత్రి పడుకోబోయే ముందు రాసుకుని, పొద్దున్నే శుభ్రంగా కడుక్కుని రావాలండి. క్యూలో రాస్తే ఎవరి వేలైనా జారుతుంది!"

"అమ్మో, కెమిస్ట్రీ!" అన్నారాయన గౌరవంగా.

ఉదయభాస్కర్ సబ్బు తెప్పించాడు. అందరూ బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నారు. దీనమ్మని ముందుకి రమ్మన్నారు. బొటనవేలు పెట్టింది. మెషీన్ ఎర్ర లైటు వేసింది. తాతాజీ గారు కళ్ళు మూసుకున్నారు. చూపుడువేలు పెట్టింది. క్యూ మొత్తం ఊపిరి బిగబట్టింది. మెషీన్ కీచుమని, పచ్చ లైటు వెలిగింది.

"ఆనిందండోయ్!" అని అరిచాడు ఉదయభాస్కర్, ఆ మెషీన్ తనే కన్నట్టు. ఇందాక తిట్టినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తాతాజీ గారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకోబోయారు. అది లోషన్ తువ్వాలు కావడంతో కనుబొమలు రెండూ నిగనిగలాడాయి.

దీనమ్మ బియ్యం సంచీ భుజానికెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది.

"బాబుగారూ, చేతులు సరేనండి. మరి ఈ మడమల సంగతేంటండి? బురదలో నిలబడి చూడండెలా పగిలాయో. మీకు పరీక్షకి మనిషి కావాలంటే చెప్పండి, నేనున్నాను."

తాతాజీ గారి మీసాలు మళ్ళీ లేచాయి.

మర్నాటినుంచి మా వీధిలో ఎవరూ చేతులు వెనక్కి కట్టుకోవడం లేదు. అందరూ బూట్లు వేసుకుని తిరుగుతున్నారు. నేను మాత్రం పొద్దున్నే మెట్లు దిగి, చెప్పులు విడిచి, కుడికాలు ముందుకు చాపాను.