అమ్మ చెవుల్లో వేపపుల్లలు

మా అమ్మకు ఉండింది ఒకటే ఫోటో. అన్న పెళ్లిలో తీసింది. అందరూ వరసగా నిలబడ్డాక ఎవరికో గుర్తొచ్చి కేకేస్తే, వంటల దగ్గర్నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక చివరన నిలబడింది. ముఖమంతా చెమట. నవ్వాలో వద్దో తేల్చుకోలేని మూతి. చెవుల్లో రెండు వేపపుల్లలు.

ఆ పుల్లల సంగతి చెప్పాలి. ఆలూరు పక్కన మాది మెట్టపొలం. వాన పడితే వేరుశనగ, పడకుంటే ఏమీ లేదు. మా నాయనకు బోర్ల పిచ్చి పట్టింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, ఇదిగో ఇక్కడ నీళ్లున్నాయని చెప్పేవాడొకడు దొరికాడు. మొదటి బోరుకు అమ్మ మెడలో గొలుసు పోయింది. రెండో బోరుకు కమ్మలు పోయాయి. అవి ఆమె పుట్టింటివాళ్లు పెట్టినవి.

"నీళ్లు పడనీ, ఇంతకు రెండింతలు చేపిస్తా" అన్నాడు నాయన, కమ్మలు తువ్వాలు కొసకు మూట కట్టుకుంటూ.

రెండుసార్లూ తెల్లటి దుమ్ము లేచింది, అంతే. బోరు బండి వెళ్లిపోయాక ఆ దుమ్ము తలతోనే ఇంటికొచ్చి, సంగటిలో ఉప్పు లేదని తట్ట విసిరికొట్టాడు. అమ్మ ఎత్తి కడిగి, మళ్లీ పెట్టింది.

ముత్తైదువ బోడి చెవులతో ఉండకూడదంటారు. గిల్టు కమ్మలు పెడితే అమ్మ చెవులు పుండ్లు పడి చీము కారేవి. అందుకని సన్నటి వేపపుల్ల విరిచి, పంటితో తొక్క ఒలిచి, కుట్టులో దూర్చుకునేది. ఎండిపోతే పారేసి ఇంకోటి పెట్టుకునేది.

"పుల్ల లేకుంటే బొక్కలు పూడిపోతాయి మ్మే. రేపు కమ్మలొస్తే మళ్లా కుట్టిచ్చుకోవల్లనా?" అనేది నాతో.

ఆ రేపు రానే లేదు. వేరుశనగ కాయ బాగా పండిన ఏడు నాయన మోటారు సైకిలు కొన్నాడు. ఇంకో మంచి ఏడు ఇంటి ముందర రేకుల వసారా దింపాడు. అప్పుడు ఒక్కసారి అమ్మ నోరు తెరిచి అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"కోడలొచ్చే వయసులో నీకు సోకులు కావల్సొచ్చినాయా?" అన్నాడు.

అమ్మ మళ్లీ అడగలేదు. అడగకపోవడాన్ని ఊరంతా ఆమె మంచితనం అంది. నాకైతే అది మంచితనంలా ఎప్పుడూ కనిపించలేదు, నోరు నొక్కేసినట్టే కనిపించింది.

కడుపునొప్పిని వాము నీళ్లతో అణిచిపెట్టుకుంటూ వచ్చింది. కర్నూలు తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ ఎండాకాలంలోనే పోయింది. ఊరి ఆడవాళ్లు వచ్చి, మొగుడి కంటే ముందు పోయిన అదృష్టవంతురాలని, ఆమె నుదుటి కుంకుమ అందుకుని తమ తాళిబొట్లకు అద్దుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం అదృష్టమది? మా వదిన అమ్మ చెవుల్లో పుల్లలు పీకేసి, నలుగురూ నవ్వుతారని గిల్టు కమ్మలు పెట్టింది. ఇక పుండ్లు పడే భయం లేదు కదా, పెట్టుకోనీలే అనుకున్నాను.

దినాలకు పటం కావాలి. ఆ పెళ్లి ఫోటో పట్టుకుని అన్నా నేనూ కర్నూల్లో ఒక స్టూడియోకు పోయాం. అప్పుడప్పుడే స్టూడియోల్లోకి కంప్యూటర్లు వస్తున్న రోజులు. స్టూడియో అతను అమ్మ ముఖాన్ని పెద్దది చేసి, పక్కన ఇంకో బొమ్మ తెరిచాడు. పట్టుచీర, కాసులపేరు, జుంకీలు అన్నీ ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ.

"దీంట్లో మీ అమ్మ మొగం కూర్చోబెడ్తాం అక్కా. అందరూ ఇట్లనే చేపిచ్చుకుంటాండారు" అన్నాడు.

"ఏమీ మార్చద్దప్పా. మా అమ్మ ఎట్లుండాదో అట్లనే కావల్ల" అన్నాను. అన్న తలూపాడు. నేను కడప బస్సు ఎక్కి అత్తగారింటికి వెళ్లిపోయాను.

దినాలనాడు వచ్చి చూస్తే గోడ మీద, పూలదండ కింద, ఎవరో జమీందారు భార్య. చెమట తుడిచేశారు. నలుపు తగ్గించారు. చెవులకు జుంకీలు వేలాడుతున్నాయి. అమ్మ ముఖమే, కానీ అమ్మ కాదు.

అన్నను పెరట్లోకి పిలిచి అడిగాను. "వచ్చేటోళ్లు చూస్తే మనకేం మర్యాద మ్మే, పుల్లలు పెట్టుకోనుంటే?" అన్నాడు.

"అసలు ఫోటో యాడ?"

"మళ్లా బాగా తియ్యల్లంటే మొగం మటుకు కత్తిరిచ్చి ఇచ్చినాంలే. యాడ పడేసినారో ఏమో."

స్టూడియో అతను కంప్యూటర్లోంచి కూడా అది తీసేశానన్నాడు. ఆ పెళ్లికి ఫోటోలు తీసినవాడు అప్పటికే ఊరొదిలి వెళ్లిపోయాడు. అట్లా మా అమ్మ ఈ భూమ్మీద ఎట్లా ఉండేదో చూపించడానికి ఏమీ లేకుండా పోయింది. ఆమెను కాల్చిన రోజు కంటే ఆ రోజే నేను ఎక్కువ ఏడ్చాను.

సంవత్సరీకానికి చిన్నదాన్ని, నా కూతుర్ని, వెంటబెట్టుకుని పోయాను. భోజనాలయ్యాక బంధువులంతా నడింట్లో కూర్చున్నారు. అవ్వ ముఖం సరిగా గుర్తులేని నా కూతురు పటం ముందు నిలబడి ఎగాదిగా చూసింది.

"తాతా, అవ్వ కమ్మలు శానా బాగుండాయి. ఎవురు చేపిచ్చినారు?"

నాయన వక్కాకు నములుతూ, రవ్వంత కూడా తడబడకుండా చెప్పాడు. "నేనే పాపా. మీ అవ్వకు నేను యాపొద్దూ తక్కువ చెయ్యలా." చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నట్టు తలలూపారు.

నేనిక ఆగలేకపోయాను. "కమ్మలు యాడివి నాయనా? బోర్లకు నువ్వే అమ్మినావు కదా! అమ్మ చచ్చేదాకా చెవుల్లో వేపపుల్లలు పెట్టుకునె."

"ముత్తైదువ పటం ముందర అవేం మాటలమ్మా!" అని వదిన చెంపలు వేసుకుంది.

నాయనకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఈ పిల్ల ఏం మాట్లాడుతోందన్నట్టు నిజంగానే అయోమయంగా నా వైపు చూశాడు. పటాన్ని రోజూ చూసి చూసి, ఆ జుంకీలు తను చేయించినవేనని నమ్మేశాడు.

నా కూతురు నన్నూ తాతనూ మార్చి మార్చి చూసింది. తర్వాత పటం వైపు వేలు చూపించింది.

"నువ్వే అబద్ధం చెప్తాండావుమా. కమ్మలు ఆడ కనపడ్తానే ఉండాయి కదా!"

అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.