నేను దిద్దిన చిలుక

నా మాటల్లో సగం కోసేసి మిగిలింది నమ్మండని మా ఆవిడ కోరుట్లలో అందరికీ చెప్పిపెట్టింది. ఈ సంగతి మాత్రం కోయకుండా చదవొచ్చు. ఇందులో నేను గొప్పగా కనిపించే చోటు ఒక్కటీ లేదు. గొప్ప లేనిచోట అబద్ధమాడే అలవాటు నాకు లేదు.

కోరుట్ల బస్టాండు దగ్గర ఒక సందులో నాకు చిన్న డీటీపీ షాపుంది. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, దుకాణాల బోర్డులు, సరుకుల మీద అంటించే లేబుళ్ళు, అన్నీ చేస్తాను. పాతికేళ్ళుగా అక్షరాలతోనే కాపురం చేసి ఒక జబ్బు తెచ్చుకున్నాను. ఏ బోర్డు ముందు నిలబడినా అందులో ఏం రాశారో చదవను, ఏ ఫాంటులో రాశారో చూస్తాను. ఒకసారి తలనొప్పి బిళ్ళకని మందుల షాపుకు పోయి, బోర్డు మీద ‘మ’ను చూసి ఆలోచించుకుంటూ బిళ్ళ లేకుండానే ఇంటికొచ్చాను.

ఇంతవరకు నిజం. దీనిమీద నేను లేపిన అంతస్తులు వేరే ఉన్నాయి. ఎదురుగా దూసుకొచ్చే లారీ మీది ఫాంటును రెప్పపాటులో పట్టేస్తానని, పెళ్ళిపత్రిక కవరు విప్పకుండానే వాసన చూసి లోపల ఏ ఫాంటుందో చెప్పేస్తానని బస్సుల్లో చెబుతుంటాను. వేములవాడ పోయే బస్సయితే మరీ మంచిది. దర్శనానికి పోయేవాళ్ళు భక్తితో ఉంటారు, ఏది చెప్పినా వింటారు.

ఆ వాసన కథ ఎవరి నోటనో పడి సిరిసిల్ల చేరింది. ఒక శుక్రవారం నేను షాపు ముందు నీళ్ళు చల్లుతుంటే, రుద్రంగి మీదుగా వచ్చే మొదటి బస్సు దిగి ఒకావిడ నేరుగా నా దగ్గరికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదయి ఉంటుంది. భుజాన బట్టల సంచి.

“వాసన సూసి అచ్చరాలు చెప్తవట గదా తమ్మీ. నువ్వేనా?”

కాదనాలనే అనుకున్నాను. నా నోరు నేను చెప్పినట్టు ఎప్పుడు విన్నది గనుక! “నేనే అక్కా, కూసో,” అన్నాను.

ఆమె లంగాలు కుట్టించి అమ్ముతుంది. సిరిసిల్ల మగ్గాల మీద నేసిన నూలు బట్ట తెచ్చి, ఆరుగురు ఆడవాళ్ళను మిషన్ల మీద కూర్చోబెట్టి కుట్టిస్తుంది. సరుకంతా పోయేది జగిత్యాలలో ఒకే ఒక్క దుకాణానికి. నాడా దూర్చే చోట బొటనవేలంత సాటిన్ లేబుల్ ఉంటుంది, దానిమీద ‘చిలుక’ అని మూడక్షరాలు. భర్త మస్కట్ పోకముందు చేయించిన లేబుల్ అది. లేబుళ్ళు అచ్చువేసే సిరిసిల్ల ఆయన కంప్యూటర్ ఈమధ్య చచ్చిపోయింది, దానితోపాటు ఆ ఫైలూ పోయింది. ఆయన మంచి మనసుతో, తన దగ్గరున్న గుండ్రటి ఫాంటు ఒకటి తీసి ‘చిలుక’ అని కొత్తగా కొట్టి ఇచ్చాడు. బట్ట అదే, కుట్టు అదే. కానీ జగిత్యాలలో పాత గిరాకీ నడుం దగ్గర తిప్పి చూసి, ఇది డూప్లికేటని కింద పెట్టేసి పోతున్నారట. దుకాణదారు సోమవారం దాకా గడువిచ్చాడు. ఆలోగా సరుకు కదలకపోతే అది పెట్టే అరను వేరే కంపెనీ లంగాలకు ఇచ్చేస్తానన్నాడు. అర పోతే ఆరు మిషన్లూ ఆగిపోతాయి.

కొనేవాళ్ళెవరని అడిగాను. ఎక్కువమంది బీడీలు చేసేవాళ్ళు, నాట్లకు పోయేవాళ్ళు, చదువు లేనివాళ్ళు అంది. చదువు రాకపోతే లేబుల్ మారిన సంగతి వాళ్ళకెట్లా తెలుస్తుందని అడిగాను. అడిగాక గానీ నాకు తెలియలేదు, ఎంత తెలివితక్కువ ప్రశ్నో.

“సదువచ్చినోళ్ళయితే సదివి కొంటుండిరి,” అంది ఆమె. “రానోళ్ళు గదా. ఆళ్ళు బొమ్మ సూస్తరు.”

సంచిలోంచి పాత లేబుల్ ముక్క తీసి బల్లమీద పెట్టింది. ఎన్ని ఉతుకులు తిన్నదో, అంచులన్నీ పోగులు లేచిపోయాయి. లేబులాయన దాన్నే స్కాన్ చేసి చూశాడట, అక్షరాలు నలిగిపోయిన ఈగ కాళ్ళలా వచ్చాయట. ఫాంటు పేరు తెలిస్తే తప్ప లాభం లేదన్నాడట. ఆమె నా ముఖంలోకి చూసింది. వాసన చూస్తానేమోనని ఎదురుచూస్తున్నదని నాకర్థమైంది.

చూశాను మరి. సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు. “మద్రాసు ఫాంటక్కా ఇది, శాన పాతది,” అని గంభీరంగా చెప్పి పనిలోకి దిగాను.

ముందు ఫోనులో ఫోటో తీశాను. ఫోటో చూసి వస్తువైతే అదేమిటో, ఇంగ్లిష్ అక్షరాలైతే ఏ ఫాంటో చెప్పే యాప్ ఒకటి ఉంది నా దగ్గర. అది చాలాసేపు ఆలోచించి ఇది చెవి కమ్మ అంది. ఫోను జేబులో పెట్టుకున్నాను. ఇక నా కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంట్లన్నింటిలో ‘చిలుక’ కొట్టి కాగితాల మీద తీశాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని సంబంధాలు చూసినట్టు ఒక్కొక్కటే చూశాం. దీనికి ముక్కు బాగుంది, ఎత్తు చాలదు. దీనికి ఎత్తుంది, ఒళ్ళు లేదు. ఒకదానిలో ‘చి’ అచ్చంగా కలిసింది, పట్టేశామని ఇద్దరం చాయ్ తెప్పించుకున్నాం. తీరా చూస్తే ‘క’ దాని ఇంటి పిల్ల కాదు. మధ్యాహ్నం దాకా అదే వరస.

ఓడిపోయానని ఒప్పుకోవడం నాకు చేతకాదు గనుక, ఆ లేబుల్ చేసినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. ఎవడో అక్షరమంటే తెలియని మనిషి, మూడక్షరాలు మూడు దిక్కులు చూస్తున్నాయి, వీడికి కంప్యూటర్ ముట్టనిచ్చిందెవరు అన్నాను. పాపం, ఆమె మర్యాదకు తలూపింది.

జగిత్యాలలో నా దోస్తు ఒకడున్నాడు. ఇద్దరం ఒకే ప్రెస్సులో పని నేర్చుకున్నాం. ఫాంటన్నది ఒక్కటీ పారేయని మనిషి. ఆమెను వెంటబెట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. బస్సులో నాకు ఊరుకుండటం రాదు. చుట్టూ నలుగురు వింటున్నారు కూడా. కోరుట్ల దాటేసరికి ఆ లేబుల్ చేసినవాడికి మెల్లకన్ను వచ్చింది. సగం దారిలో తాగుడు అలవాటైంది. జగిత్యాల చేరేసరికి వాడు పని వదిలేసి కోళ్ళు దొంగిలిస్తున్నాడు.

నా దోస్తు లేబుల్‌ను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ చూశాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడా అనుకున్నాను. నవ్వుతున్నాడు.

“ఎవడు చేసిండో ఎరుకేనా?” అంది ఆమె. “మెల్లకన్నోడట గదా.”

“ఎరుకే అక్కా,” అన్నాడు వాడు. “గిప్పుడు నీ పక్కకే కూసున్నడు.”

వాడు చెబుతుంటే నాకూ ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మీసాలు కొత్తగా వచ్చిన రోజులు. సిరిసిల్ల నుంచి ఒకాయన లేబుల్ కోసం మా ప్రెస్సుకొచ్చాడు. నేను గొప్ప కళాకారుణ్ణనుకుని ‘చి’ ఒక ఫాంటులోంచి, ‘క’ ఇంకో ఫాంటులోంచి తీసుకున్నాను. అప్పటి ఫాంట్లలో కొమ్ములు, తలకట్లు విడివిడి ముక్కలుగా ఉండేవి. ‘లు’కు కొమ్ము నచ్చక మూడో ఫాంటులోంచి కొమ్ము ఒక్కటే తెచ్చి అతికించబోయాను. సరిగ్గా అప్పుడే ఓనర్ కేకేశాడు, మౌస్ జారింది, కొమ్ము సాగి పైకి లేచి పక్కనున్న ‘క’ నెత్తికి తగిలింది. ఓనర్ భయంతో అట్లాగే సేవ్ చేసి ఫ్లాపీలో వేసి ఇచ్చేశాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది.

“బస్సుల గన్ని తిడితివి తమ్మీ,” అంది నెమ్మదిగా. “అన్నీ నీకేనా?”

నా దోస్తు లోపల గదిలో దుప్పటి కప్పి ఉంచిన పాత కంప్యూటర్‌ను లేపాడు. చాయ్ తాగి, గ్లాసులు కడిగి పెట్టేంతసేపటికి అది కళ్ళు తెరిచింది. మూడు ఫాంట్లూ ఉన్నాయి. కాకపోతే ఆ ముసలి కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది సీడీ. నా షాపులో సీడీ పెట్టే చోటు లేదు. సీడీలోకి ఎక్కించి, పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్‌లోకి దించి, ఆమెను వేములవాడ బస్సెక్కించి నేను కోరుట్ల చేరాను.

శనివారం పొద్దున్నే మూడక్షరాలూ కూర్చి ఫైలు సిరిసిల్ల లేబులాయనకు పంపాను. పావుగంటలో ఫోనొచ్చింది. చిలుక ఎగిరిపోయిందన్నా, డాలర్ గుర్తు, నెత్తిమీద రెండు చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరం, ప్రశ్న గుర్తు వచ్చాయన్నాడు. తప్పు నాదే. ఫైలులో అక్షరం ప్రయాణం చెయ్యదు. ఫలానా ఫాంటు తీసి ఫలానా గదిలో ఉన్నదాన్ని చూపించు అనే చీటీ మాత్రమే పోతుంది. ఫాంటు లేని కంప్యూటర్ ఆ చీటీ పట్టుకుని తన ఇంట్లో అదే నంబరు గది తలుపు తడితే, లోపల డాలర్ కూర్చుని ఉంటుంది. ఫాంటు కూడా పంపాలని నాకు తెలియక కాదు. ఫాంటు ఇవ్వకుండా ఫైలు ఇవ్వడం మా డీటీపీ వాళ్ళ పాత తెలివి. గిరాకీ ఇంకో షాపుకు పోతే అక్కడ తెరుచుకోదు, మళ్ళీ మన గడపే తొక్కాలి. చెయ్యికి ఆ అలవాటు పోలేదు.

ఫాంట్లు కూడా పంపాను. ఈసారి ‘క’ బక్కచిక్కి వచ్చిందన్నాడు. అదే పేరుతో ఇంకో ఫాంటు ఆయన దగ్గర ముందే ఉంది, కంప్యూటర్ ఇంట్లోవాణ్ణే పిలిచింది. ఇక మిగిలింది ఒకటే దారి. అక్షరాలను గీతలుగా మార్చేయడం, మేం కర్వ్స్ చేయడం అంటాం. అప్పుడు దానికి ఫాంటు అక్కర్లేదు. అది అక్షరం కాదు, బొమ్మ. ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా ఉంటుంది.

మార్చే ముందు ఒక్క పని చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆనాడు జారి పైకి లేచిన ఆ కొమ్మును ఈసారి సాగదీయకుండా, ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాను. ఇన్నేళ్ళ అనుభవమున్న మనిషిని, నా చిన్ననాటి తప్పు ఊరూరా నడుములకు వేలాడటం ఏమిటి? సరిచేశాక అక్షరాలు ఎంత ముద్దొచ్చాయో!

లేబుళ్ళు అచ్చయ్యాయి. ఆదివారం వాటిని కుట్టించి, సోమవారం పొద్దున ఆమె మూటతో జగిత్యాల దుకాణానికి వచ్చింది. నేనూ పోయాను, మెప్పు కోసం. కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చింది. వేళ్ళకు తంబాకు మరకలు. ఎన్నో ఏళ్ళుగా ఇదే లంగా కొంటుందని దుకాణదారు చెప్పాడు. ఆమె ఒకటి తీసి, నడుం తిప్పి, లేబుల్ కంటి దగ్గర పెట్టుకుని చూసి, మడిచి కింద పెట్టింది.

“గిది గాదు,” అంది.

దుకాణదారు సిరిసిల్ల అక్క వైపు చూశాడు. ఆమె మూటలోంచి ఇంకోటి తీసి లేబుల్ తిప్పి చూసుకుంది. నేను నా నోటినంతా ఉపయోగించి, అదే కంపెనీ, అదే అక్షరం, నా చేత్తో చేశాను అని చెప్పాను. పెద్దావిడ నన్ను పట్టించుకోలేదు. లేబుల్ మీద వేలు పెట్టి, మధ్య అక్షరం నుంచి మూడో దాని నెత్తిదాకా ఒక వంపు గీసింది.

“గిట్ల తోక ఉండె చిలుకకు. గీ చిలుకకు తోక కోసిండ్రు.”

సిరిసిల్ల అక్క నా వైపు తిరిగింది. “తమ్మీ, ఏమన్న ముట్టినవా?”

“జర సక్కగ చేసిన అక్కా.”

“నిన్నెవలు సక్కగ చెయ్యుమన్నరు?”

సాయంత్రం దాకా చూస్తానన్నాడు దుకాణదారు. ముగ్గురం నా దోస్తు షాపుకు నడిచాం. పెద్దావిడను రమ్మని మేమడగలేదు, చుట్టాల పెళ్ళికి ఆ లంగాయే కావాలట, తనే బయలుదేరింది. నేను వాడి కొత్త కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెట్టి, మౌస్ పట్టుకుని కొమ్ము పైకి లాగాను. కావాలని చేస్తే రాదు. ఒకసారి గడ్డపారలా నిలబడింది, ఒకసారి కొక్కెంలా వంకరపోయింది. కళ్ళు మూసుకుని గుంజమని నా దోస్తు సలహా ఇచ్చాడు. పెద్దావిడ కుర్చీ లాక్కుని నా వెనుక కూర్చుంది.

“ఇంక మీదికి. గంత గాదు, దించు. జర పక్కకు. ఆఁ... ఆగు. గదే.”

అక్షరమ్ముక్క రాని మనిషి చెప్పినట్టల్లా నేను దిద్దాను. గీతలుగా మార్చి కాగితం మీద తీసి ఇస్తే, ఆమె దాన్ని మడిచి రవికెలో పెట్టుకుని దుకాణానికి తిరిగొచ్చి, ఇది కుట్టంగనే తనకు రెండు ఎత్తిపెట్టమని దుకాణదారుకు చెప్పింది. ఆయన అరలో అప్పటికే సర్దిన వేరే కంపెనీ కట్టను కిందికి దించి, గురువారానికల్లా పాత లేబుల్‌తో సరుకు దింపమన్నాడు.

బస్టాండులో సిరిసిల్ల అక్క పెన్‌డ్రైవ్ ఇమ్మంది. అందులోది ఏ కంప్యూటర్లో పెట్టినా ఇట్లాగే వస్తుందా అని రెండుసార్లు అడిగింది. వస్తుందన్నాను. కొంగు చివర పెట్టి గట్టిగా ముడేసింది. లేబులాయన దగ్గర ఒక కాపీ ఉండాలంది, నా దోస్తు దగ్గర ఒకటి ఉండాలంది.

“నా తాన గూడ ఒకటి ఉంటే మంచిది గదా అక్కా,” అన్నాను.

“నీ తాన వద్దు తమ్మీ,” అంది బస్సెక్కుతూ. “నీ తాన ఉంటే మల్ల సక్కగ చేస్తవ్.”