రంగత్‌లో డానియేలు ఇంటి ప్రార్థన

పద్దెనిమిదేళ్లుగా వాయిదా వేసుకుంటూ వచ్చిన ప్రయాణం ఇది. అప్పట్లో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో డానియేలూ నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. అందరికీ స్నేహితులమని చెప్పుకున్నా, మాది ప్రేమ. ఆ దీవుల్లోనే ఉత్తరాన రంగత్‌లో ఉన్న వాళ్లమ్మకు చెప్పేద్దామని అతనన్న వారానికే నేను భయపడి విశాఖ ఓడెక్కేశాను. ఇద్దరు మగవాళ్ల ప్రేమ నేరం కాదని కోర్టు చెప్పాక కూడా నా పిరికితనం వదలడానికి కొన్నేళ్లు పట్టింది. అతనికి పెళ్లి కాలేదని పాత మిత్రుడొకడు చెప్పగానే, వస్తున్నానని ఫోన్ చేశాను. నన్ను నీతో ఉండిపోనిస్తావా అని మాత్రం ఎదురుగా నిలబడే అడగాలనుకున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, అబర్డీన్ బజార్ దగ్గర బస్టాండులో తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కాను. టికెట్ రెండు వందల పైచిలుకు. జిర్కటాంగ్ గేటు దగ్గర ఆరింటిదాకా ఆపి, వాహనాలన్నిటినీ వరుసగా జారవా ఆదివాసుల అడవిలోకి వదిలారు. లోపల బండి ఆపకూడదు, ఫొటోలు తియ్యకూడదు. మిడిల్ స్ట్రెయిట్ జలసంధి దగ్గర బస్సుతో సహా ఫెర్రీ ఎక్కాం.

"ఎవరింటికి ఎల్తన్నారు భయ్యా?" అన్నాడు డ్రైవరు. చెప్పాను.

"బోటింజన్లు బాగుచేసే డానియేలా? ఆ ఇంట్లో ఇద్దరూ బహుత్ అచ్ఛా మనుషులు" అన్నాడు. తల్లీకొడుకుల గురించి అనుకున్నాను.

పదకొండున్నరకు గుమ్మంలో డానియేలు కనిపించాడు. జుట్టు నెరిసింది కానీ అదే నవ్వు. అతని వెనకే చేపల కూర గరిటెతో ఇంకో మనిషి వచ్చాడు. "సూరి. ఏడేళ్ల నుంచి కలిసే ఉంటన్నాం" అన్నాడు డానియేలు, మామూలుగా. భోజనాల దగ్గర కూర బాగుందని మూడుసార్లు అన్నాను.

ఇక్కడి తెలుగు క్రైస్తవులు వారానికొక ఇంట్లో కూడి, చివర్లో ఆ ఇంటివాళ్లను పేరుపేరునా తలచి ప్రార్థిస్తారు. ఆ సాయంత్రం వంతు వీళ్లది. చాపలు పరుస్తూ డానియేలు అమ్మ నాతో అంది: "మొదట్లో నాకూ ఏడుపే బాబూ. సర్చివోళ్లెవరూ మా గుమ్మం తొక్కలేదు. ధీరే ధీరే ఆళ్లే వచ్చీసినారు."

అందరూ కళ్లు మూసుకున్నాక ఆవిడ గొంతే వినిపించింది. "తండ్రీ, ఈ ఇంటి బిడ్డలు డానియేల్ని, సూరిని కాపాడు. దూరాన్నుంచి వచ్చిన అతిథిని క్షేమంగా ఆళ్లింటికి చేర్చు."

అడగాలని వచ్చింది నేను అడగలేదు. మన బోటివాళ్లను లోకం ఎప్పటికీ ఒప్పుకోదని నమ్మి పారిపోయాను. లోకం మారేదాకా అతను ఇక్కడే ఉన్నాడు, వాళ్లమ్మ పక్కనే. సూరి స్థానంలో నేనుండాల్సింది. సూరి మీద అసూయపడ్డాను, అతను మంచివాడైనందుకు ఇంకా ఎక్కువ బాధపడ్డాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: రంగత్ నుంచి పొద్దుటి బస్సులు త్వరగా నిండిపోతాయి, తిరుగు టికెట్ ముందే తీసుకోండి. నేను తీసుకోలేదు, అవసరం పడదనుకున్నాను.